రిజిస్టరు లేని మీటింగు

శివమొగ్గ,
4-2-2024

కేశవకు,

ఇక్కడ మేము ముగ్గురమూ క్షేమం. నువ్వు క్షేమమా అని అడగను. అడిగితే క్షేమమనే రాస్తావు, అది నమ్మాలో వద్దో తేలక మళ్ళీ నాకు వారం రోజులు నిద్ర ఉండదు.

ఫోన్లో మాట్లాడనని భీష్మించుకు కూర్చున్నావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పోస్టాఫీసులో కవరు అడిగితే ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. బడిలో కన్నడం చదివినా ఇంట్లో తెలుగు రాయాల్సిందేనని అమ్మ మన ఇద్దరికీ పలక మీద దిద్దించింది చూడు, అది ఇన్నేళ్ళకు పనికొచ్చింది. మీ బావకు తెలుగులో అక్షరం ముక్క రాదు. నీ కూతురికీ రాదు. నీ ఉత్తరాలు ఈ ఇంట్లో ఎక్కడ పెట్టినా చదివేవాళ్ళు లేరు, కాబట్టి దాచకుండా రాయి.

ఇక విషయానికి వస్తాను. ఆ సెంటర్లో ఇరవై ఎనిమిది రోజులు ఉండి వచ్చావు. తాగుడు మానినవాళ్ళ మీటింగులకు మానకుండా పోవాలి, పోకపోతే కథ మళ్ళీ మొదటికొస్తుంది అని డాక్టరు మీ బావ ఎదుటే చెప్పారు. పాపం ఆయన కాలేజీకి సెలవు పెట్టి, తన కారులో నిన్ను చేర్చి, మళ్ళీ తీసుకొచ్చి ఇంట్లో దించారు. ఎవరు చేస్తారు ఈ రోజుల్లో బామ్మర్దికి ఇంత? ఆయన క్రమశిక్షణలో పావు వంతు నీకుంటే మన నాన్న అంత దిగులుతో పోయేవాడు కాదు.

నా షరతు చెబుతున్నాను. మే నెల దాకా చూస్తాను. వారానికి ఒక్క మీటింగుకైనా పోయినట్టు సీలూ సంతకమూ ఉన్న కాగితం నాకు పంపాలి. అప్పుడే బడులు తెరిచేనాటికి నయనను బేతమంగళకు పంపుతాను. లేదంటే దాని ఏడో తరగతి కూడా ఇక్కడే. తల్లి పోయి నాలుగేళ్ళు, తండ్రి ఉండీ లేక రెండేళ్ళు. ఆ పిల్లకు ఆశపెట్టి మళ్ళీ వెనక్కి లాక్కునే పని నావల్ల కాదు.

నా దగ్గర నాటకాలు సాగవు కేశవా. నోట్లో ఏలకులు వేసుకుని మాట్లాడటం, ఫ్రిజ్‌లో తన నీళ్ళ సీసా వేరుగా పెట్టుకుని ఇంకెవరినీ ముట్టనివ్వకపోవడం, ఇంటికి రాగానే ఎవరి మొహమూ చూడకుండా స్నానానికి పోవడం, తలనొప్పి అని ఏడున్నరకే గది తలుపు వేసుకోవడం, ఇవన్నీ నాకు తెలుసు. కళ్ళు మూసుకుని కూర్చున్నాననుకోకు.

నయన పరీక్షలకు చదువుకుంటోంది. బాగా నెమ్మదస్తురాలయింది. టీవీ కూడా శబ్దం లేకుండా చూస్తుంది.

నీ మంచి కోరే,
అక్క చంద్రిక


బేతమంగళ,
12-2-2024

అక్కకు నమస్కారం.

నేను క్షేమం. నమ్మకపోయినా రాయాల్సింది అదే కదా.

ఫోన్ ఎందుకు వద్దన్నానో చెబుతాను, కోపం తెచ్చుకోకు. ఫోన్లో నువ్వు నా మాట వినవు. నా నాలుక తడబడుతోందా అని వింటావు. పోయిన నెల ఆవు ఈనిందని సంతోషంగా చెబుతుంటే, "ఏం, గొంతు బొంగురుగా ఉండాది?" అన్నావు. జలుబక్కా అది. ఆ రోజంతా నాకు దూడ మొహం చూడబుద్ధి కాలేదు.

మీటింగుకు పోయాను. కోలారు బంగారు గనుల్లో, రాబర్ట్‌సన్‌పేటలో ఒక చర్చి వెనక గది. గురువారం సాయంత్రం ఆరింటికి. పదిహేను మంది ఉంటారు. సగం మంది గనిలో పనిచేసినవాళ్ళు, మిగిలినవాళ్ళు బెంగళూరుకు రైల్లో పోయి వచ్చే కుర్రాళ్ళు. అందరూ మన పార్టీయే. ఒక పెద్దాయన ఉన్నాడు, ముప్పై ఏళ్ళు భూమి కిందికి దిగినవాడు. మానేసి పద్దెనిమిదేళ్ళయిందట. జీవితాంతం తాగనని ఒట్లు పెట్టుకోవద్దు, ఈ రోజు షిఫ్టు చూసుకో, రేపటి షిఫ్టు రేపు అన్నాడు. ఆ మాట నాకు పట్టింది. నేను లెక్కపెట్టుకుంటున్నాను, ఈ రోజుకు నలభై ఆరు.

కానీ అక్కా, అక్కడ అంతా తమిళం. నాకు తమిళం రాదని కాదు. పట్టుగూళ్ళు బేరం చేయగలను, బస్సులో సీటు కోసం పోట్లాడగలను. కానీ లేచి నిలబడి నా సంగతి చెప్పమంటే నోట్లో మాట లేదు. "ఎన్ పేరు కేశవ" అన్నాను, కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. రెండు వారాలుగా ఆ ఒక్క మాటకే చప్పట్లు కొట్టించుకుంటున్నాను.

నువ్వడిగిన సీలూ సంతకమూ దొరకవు. అక్కడ రిజిస్టరు లేదు, హాజరు లేదు. ఇంటిపేరు అడగరు. ఎవరు వచ్చారో బయట చెప్పకూడదు, అది వాళ్ళ కట్టుబాటు. అందుకే ఎవరి పేరూ నీకు రాయలేను. ఇంకో మీటింగు కోలారులో ఉందట, కన్నడంలో. అది కూడా చూసి వస్తాను.

నయనకు చెప్పు, దూడ తెల్లది, నుదుట చుక్క ఉంది. పేరు అది పెట్టేదాకా మేము "ఏయ్" అనే పిలుస్తున్నాం.

నలభై ఆరో షిఫ్టు ముగించి,
కేశవ


శివమొగ్గ,
20-2-2024

కేశవకు,

మేము క్షేమం. ఉత్తరం చేరింది. రెండుసార్లు చదివాను, మూడోసారి చదవకుండా అక్షరాలు మాత్రం చూశాను. మొదటి పేజీలో నిటారుగా ఉన్నాయి, రెండో పేజీలో పక్కకు ఒరిగాయి. మొదటి పేజీ ఎన్ని గంటలకు రాశావు, రెండోది ఎన్ని గంటలకు రాశావు?

రిజిస్టరు లేని మీటింగు ఎక్కడైనా ఉంటుందా? నేను ఇరవై రెండేళ్ళుగా బడిలో పనిచేస్తున్నాను. చీపురు కొన్నా రిజిస్టరు ఉంటుంది. రేషన్ షాపులో వేలిముద్ర వేయందే బియ్యం గింజ రాలదు. ఇంతమంది మనుషులు కూర్చుని బతుకుల సంగతి మాట్లాడుకుంటారట, ఎవరికీ పేర్లుండవట, వచ్చినట్టు ఆధారం ఉండదట. ఎంత అనుకూలంగా ఉందో చూడు నీకు! పోకపోయినా పోయినట్టే.

మళ్ళీ ఒక చోటు కుదరలేదు, ఇంకో చోటు చూస్తానంటున్నావు. భాష వంకట! రాబర్ట్‌సన్‌పేట సారా అంగడి ముందు నీకు తమిళం అడ్డం వచ్చిందా ఎప్పుడైనా? ఈ వంకలు నాకు కొత్త కాదు. ఈ సోమవారం నుంచి, ఈ పండగ అయిపోగానే, ఈ పరీక్ష పేపర్లు దిద్దడం కాగానే అని ఎన్ని విన్నాను.

నయన దూడకు ముత్యం అని పేరు పెట్టింది. తాత పేరు వచ్చేటట్టు. ఆ మాట కూడా మీ బావ గదిలోకి పోయాక నా చెవిలో చెప్పింది. ఇంట్లో గట్టిగా మాట్లాడకూడదని ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంది.

నా కళ్ళు కప్పలేవని గుర్తుపెట్టుకో.

అక్క చంద్రిక


బేతమంగళ,
3-3-2024

అక్కకు,

క్షేమమే. రెండో పేజీ ఒరిగింది ఎందుకంటే కరెంటు పోయింది, కిటికీ వెలుతురుకు పక్కకు తిరిగి కూర్చుని రాశాను. ఈసారి స్కేలు పెట్టి గీతలు కొట్టుకుని రాస్తున్నాను, చూసుకో.

పేపర్లు దిద్దడం కాగానే మానేస్తానని నేనెప్పుడన్నానక్కా? నేను దిద్దేది మల్బరీ తోట ఒక్కటే. ఎవరి మాటో నా మీద వేసి రాసినట్టున్నావు.

కోలారు మీటింగుకు పోయాను. కుర్చీలు, ఫ్యాను, ఫిల్టర్ నీళ్ళు, అంతా శుభ్రంగా ఉంది. ఉద్యోగస్తులే ఎక్కువ. కన్నడం కూడా పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడారు. నేను ఒక మూల కూర్చుని తల ఎత్తి చూస్తే, ఎదురుగా గూళ్ళ మార్కెట్లో ప్రతి పంటకూ నా గూళ్ళు చేతిలోకి తీసుకుని మంచివో చెడ్డవో చెప్పే మనిషి. ఆయనా నన్ను చూశాడు. ఇద్దరం మొహాలు తిప్పుకున్నాం. ఆయనదీ నాదీ ఒకటే జబ్బు, అయినా రేపు మార్కెట్లో ఆయన ముందు నా బుట్ట ఎలా దించాలి? టీ ఇవ్వకముందే లేచి వచ్చేశాను.

దాచకుండా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. బయటికి వచ్చి బస్టాండు వైపు పోకుండా, పక్క సందులో వైన్‌షాపు ముందు నిలబడ్డాను. పది నిమిషాలు ఉంటుందేమో. "ఏం కావాలప్పా?" అని లోపలివాడు అడిగినాక తెలివి వచ్చింది. "బేతమంగళ బస్సు యాడ నిలుస్తాది?" అని వాణ్ణే అడిగి వచ్చేశాను. తాగలేదు. అరవై ఆరో రోజు అది చెడకుండానే గడిచింది.

ఈ వారం పట్టుపురుగులు మూడోసారి పొర విడిచే జ్వరం నుంచి లేచాయి. ఆకు వేస్తే చాలు, ఇల్లంతా వాన పడుతున్నట్టు చప్పుడు. ఇదివరకు ఆ చప్పుడు తలనొప్పిగా ఉండేది. ఇప్పుడు తోడుగా ఉంది. మళ్ళీ రాబర్ట్‌సన్‌పేటకే పోతాను, అర్థమైనంత అవుతుంది.

అరవై ఆరో షిఫ్టు ముగించి,
కేశవ


శివమొగ్గ,
16-3-2024

కేశవా,

ఇక్కడ మేము క్షేమంగా ఉన్నాం. నువ్వు మాత్రం అబద్ధాలకోరువి.

వైన్‌షాపు ముందు నిలబడి ఊరికే వచ్చానని రాశావు చూడు, అది చదివాక నాకు ఆగలేదు. సుబ్బరాయప్ప చిన్నాయనకు ఫోన్ చేసి, గురువారం పోయి చూసి రమ్మన్నాను. నీకు చెప్పకుండానే పంపాను. అవును, నిఘాయే. ఏం చేసుకుంటావో చేసుకో.

చిన్నాయన గొడుగు తీసుకుని ఆరింటికి పోయాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "అమ్మా, వాకిట్లో ఒకడు నిలబడి ఉండాడు. తెలుగోడే. మా కేశవ, బేతమంగళ ముత్యాలప్ప కొడుకు, ఈడికి వస్తా ఉండాడా అని అడిగినాను. ఈడికి ఎవురు వస్తారో మేము చెప్పేది లేదన్నా అన్నాడు. వస్తా ఉంటే చెప్పేదానికి వానికేం రోగం? రాలేదు కాబట్టే చెప్పలేదు!"

అంతటితో అయిందా? లేదు. నీ పుణ్యమా అని ఆ పెద్దమనిషికి జరిగిన మర్యాద విను. "లోపలికి రా అన్నా, ఎండలో వచ్చినావు అని చెయ్యి పట్టి కూచోబెట్టినారు. టీ ఇచ్చినారు. నేను తాగేవాణ్ణి కాదప్పా అన్నాను. అందురూ నవ్వినారు. మొదటి రోజు మేమూ ఇదే అన్న్యాము అన్నారు. నేను నిజంగా తాగను, నా జన్మలో ముట్టలేదు అని లేచి అరిస్తే, ఇంగ చప్పట్లు కొట్టినారమ్మా!" డెబ్బై రెండేళ్ళ మనిషి, పొద్దున లేచి పూజ చేయకుండా కాఫీ ముట్టనివాడు, రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదట.

ఇంతకీ నువ్వు అక్కడ లేవు. నిన్ను ఎరిగినవాళ్ళూ లేరు. పదిహేను మందిట, పెద్దాయనట, షిఫ్టులట! ఎంత బాగా అల్లావు! నేను చదివి ఒక చోట కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాను, సిగ్గు లేక.

నయన జూన్లో రావడం లేదు. దానికి ఇంకా చెప్పలేదు. చెప్పే పని కూడా నాకే పెట్టావు.

చంద్రిక


బేతమంగళ,
22-3-2024

అక్కకు,

క్షేమంగా ఉన్నానని రాయడానికి ఈసారి చెయ్యి రాలేదు. మూడు రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

చిన్నాయన వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. మీటింగు గది పక్కనున్న చిన్న వంటగదిలో టీ గ్లాసులు కడుగుతున్నాను. ఆయన గొంతు విని గ్లాసు చేతిలో పట్టుకుని గోడకు అతుక్కుపోయాను. బయటికి రావాల్సింది. రాలేకపోయాను. ఆ గుమ్మం దగ్గర మనిషి పాల వ్యాను నడిపే అన్న. నేను లోపలున్నానని ఆయనకు తెలుసు. అయినా చెప్పలేదు. అడిగింది నా సొంత చిన్నాయన అని తెలిసినా చెప్పడు. కన్న తల్లి వచ్చి అడిగినా చెప్పరక్కా, ఆ ఒక్క నమ్మకం మీదే అందరూ వస్తారు. నువ్వు దాన్ని నా అబద్ధానికి రుజువు చేశావు.

చిన్నాయనకు నేనే పోయి చెబుదామని వాళ్ళ ఇంటి దాకా పోయాను. తలుపు వేసుకున్నాడు. "నీ వల్ల నాకు చప్పట్లు కొట్టినారు పోరా" అని లోపల నుంచే అరిచాడు.

ఆ రోజు మీటింగు అయ్యాక వ్యాను అన్న నా పక్కన కూర్చుని తెలుగులో మాట్లాడాడు. ఆయనది కామసముద్రం. "నువ్వూ నేనూ ఈడ చప్పట్లకే వస్తా ఉండాము. కడుపులో ఉండేది బయటికి రావల్ల అంటే మన మాట కావల్ల" అన్నాడు. వాళ్ళ ఊరి చుట్టుపక్కల ఇంకో ఇద్దరు రైతులున్నారట. సాయంత్రమైతే మాకెవరికీ కుదరదు, పాలు పిండే వేళ, పురుగులకు ఆకు వేసే వేళ. అందుకని పొద్దున పెట్టుకున్నాం. బుధవారం, ఆదివారం, కామసముద్రం పాల సొసైటీ గదిలో. అందరూ పాలు పోసి పోయాక ఎనిమిదిన్నరకు. వైన్‌షాపు తలుపు తీసేలోపల మా షిఫ్టు మొదలవుతుంది. క్యాన్లు బోర్లించి వాటి మీదే కూర్చుంటాం. వ్యాను అన్నే నన్ను ఎక్కించుకుపోతాడు.

మొదటిసారి నాకు నోరు వచ్చింది. ఏం చెప్పానో నీకూ చెబుతాను, ఎవరికీ చెప్పలేదు ఇదివరకు. నయన అయిదో తరగతిలో ఉన్నప్పుడు బడిలో ఆటల పోటీలు. పరుగులో అది మొదట వస్తోంది. నేను తాగి, చప్పట్లు కొడుతూ గీత దాటి లోపలికి పోయి, పిల్లలు పరిగెత్తే దారిలో పడ్డాను. టీచరు ఎవరమ్మా ఈయన అంటే నయన నన్ను చూసి, "మా తోటలో పనిచేసే ఆయన మిస్" అంది. నేను నేల మీద నుంచి విన్నాను. విని, అవునమ్మా అన్నాను. వాళ్ళమ్మ పోయిందని తాగానని ఊరంతా చెప్పుకున్నాను కానీ, ఆమె ఉండగానూ తాగాను. అదీ నా నిజం.

చెప్పి ముగించాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకాయన లేచి నీళ్ళిచ్చాడు.

నయనకు రావద్దని చెప్పకు అక్కా. మే దాకా అన్నావు కదా. మే రానీ.

ఎనభై అయిదో షిఫ్టు ముగించి,
కేశవ


శివమొగ్గ,
2-4-2024

కేశవకు,

ఇక్కడ అందరం క్షేమం.

ఆటల పోటీల సంగతి నయన నాకెప్పుడూ చెప్పలేదు. అడగలేదు, అడగను.

కానీ కామసముద్రమా? అక్కణ్ణుంచి రెండు అడుగులు వేస్తే ఆంధ్రా. మన వైపు ఎవరైనా చూస్తారని సరిహద్దు దాటిపోయి తాగి వచ్చేవాళ్ళ గురించి మన చిన్నప్పటి నుంచీ వింటున్నాం. పైగా పొద్దున ఎనిమిదిన్నరకు మీటింగట. పొద్దున్నే మొదలుపెట్టేవాళ్ళను కూడా నేను ఎరుగుదును. వాకింగ్ అని ఆరింటికి బూట్లు వేసుకుని పోతారు. ఎనిమిదికి చెమట పట్టకుండా వస్తారు. వచ్చి చాలా మంచిగా మాట్లాడతారు, అవసరమైనదానికంటే మంచిగా. ఆ మంచితనం చూస్తేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ పాల వ్యాను ఆయన భార్యతోనైనా నన్ను మాట్లాడించు. పేరు చెప్పనక్కరలేదు. ఆడమనిషి గొంతు వింటే నాకు తెలిసిపోతుంది. లేదా నువ్వు రక్త పరీక్ష చేయించుకుని కాగితం పంపు. రెండింటిలో ఒకటి జరగాలి.

తొందరగా ముగిస్తున్నాను. మీ బావ వచ్చే వేళయింది. కవరు అంటించి పోస్టులో వేయమని నయనకు ఇస్తున్నాను.

అక్క


బేతమంగళ,
11-4-2024

అక్కా,

నేను క్షేమం. రక్త పరీక్ష కాగితం ఇందులోనే పెట్టాను. వ్యాను అన్న భార్య నంబరు కింద రాశాను, ఆమె మాట్లాడతానంది. నువ్వడిగినవి రెండూ ఇచ్చాను. ఇప్పుడు నన్ను ఒకటి అడగనీ.

నేను ఏలకులు ఎప్పుడు నమిలాను?

ఊరంతా చూస్తుండగా తాగినవాణ్ణక్కా నేను. నడిరోడ్డులో పడ్డాను, బడిలో పడ్డాను. వాసన దాచుకునేంత తెలివి నాకుంటే ఇంత పరువు పోయేదా? ఫ్రిజ్‌లో వేరే సీసా అన్నావు, మా ఇంట్లో ఫ్రిజ్జే లేదు. ఏడున్నరకు గది తలుపు వేసుకోవడమన్నావు, మా ఇంట్లో గదికి తలుపు ఉందా? పరీక్ష పేపర్లు, వాకింగ్ బూట్లు, ఇవన్నీ నావి కావు. నీ ఉత్తరాలన్నీ వరుసగా పరిచి చదివాను. నన్ను తిట్టిన ప్రతి తిట్టులోనూ ఇంకొకరున్నారు.

బావ నన్ను సెంటరుకు తీసుకుపోయిన రోజు గుర్తుంది. కారులో దారి పొడుగునా నాకు నీతులు చెప్పారు. కారు నిండా ఏలకుల వాసన. ఎంత శుభ్రమైన మనిషి అనుకుని నేను కిటికీ వైపు ముడుచుకుని కూర్చున్నాను.

ఇంకొకటి. పోయినసారి వచ్చిన నీ కవరు మూత లోపలి వైపు నయన పెన్సిల్‌తో కన్నడంలో రెండు వరుసలు రాసింది. నువ్వు చూడలేదనుకుంటాను. "నాన్నా, నేను బాగుండాను. మామ పడుకునే దాకా నేనూ అత్తా బాల్కనీలో కూచుంటాము, ఆడనే చదువుకుంటాను" అని. పిల్లను కోప్పడకు.

ఇది నా అనుమానం మాత్రమే. అనుమానించడం నీ దగ్గరే నేర్చుకున్నాను. తప్పయితే నాలుగు పేజీలు తిట్టి రాయి, కళ్ళకద్దుకుంటాను. నిజమైతే, నా కూతురు తాగేవాడి ఇంట్లో ఉండకూడదని నువ్వు ఏ ఇంట్లో దాచావో ఒకసారి చూడు. ఈ వరుస మూడుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. తాగి కాదు.

ఇంట్లో తాగేవాళ్ళున్న ఆడవాళ్ళకు వేరే మీటింగు ఉంటుందట. వ్యాను అన్న భార్య అలాంటిదానికి పోతుంది. ఆమె కనుక్కుని చెప్పింది, మీ ఊళ్ళో కూడా ఉందట, పాత బస్టాండు వెనక అంగన్‌వాడీ గదిలో, శనివారం నాలుగింటికి. ఎవరూ పేరు అడగరు. సంతకం అక్కరలేదు. రిజిస్టరు ఉండదు.

నూట అయిదో షిఫ్టు ముగించి,
నీ తమ్ముడు కేశవ


శివమొగ్గ,
5-5-2024

కేశవా,

ఇక్కడ క్షేమం కాదు.

ఈ మాట రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. నీ ఉత్తరం రాగానే కూర్చుని ఆరు పేజీలు తిట్టాను. తాగుబోతువి, నా సంసారం మీద బురద చల్లుతావా అని రాశాను. పోస్టు చేద్దామని పోయి, డబ్బా ముందు నిలబడి చించేశాను. నీ వైన్‌షాపు గుర్తొచ్చింది. ఊరికే నిలబడి వచ్చేశానంటే అప్పుడు నేను నమ్మలేదు.

నాలుగేళ్ళయింది. ఆయన అరవరు, కొట్టరు, పడిపోరు. కాలేజీలో అందరూ సోమశేఖర్ సార్ అంటే లేచి నిలబడతారు. అందుకే దానికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియలేదు. నీ మీద నిఘా పెట్టడం సులువు రా. నువ్వు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నావు. గోడ అవతల పడుకున్న మనిషిని అడగడానికి నోరు రాలేదు. ఆయన్ని అడగాల్సినవన్నీ నిన్ను అడిగాను. చదివేవాళ్ళు లేని భాషలో అడిగాను.

మొదటి శనివారం ఆ అంగన్‌వాడీ ముందు నుంచి కూరగాయల సంచితో రెండుసార్లు నడిచి వచ్చేశాను. రెండో శనివారం ఒకామె గుమ్మంలో నిలబడి ఉంది. చంద్రిక టీచరు అనే ఆమె ఎవరైనా ఇక్కడికి వస్తారా అని అడిగాను. నా పేరే, నేనే అడిగాను! "ఎవరు వస్తారో మేము చెప్పమమ్మా" అంది. అప్పుడు లోపలికి పోయాను.

చిన్నపిల్లల కుర్చీలు, గోడ మీద ఏనుగు బొమ్మ. ఎనిమిది మంది ఆడవాళ్ళు. అంతా కన్నడం. ఇరవై రెండేళ్ళు నేను పాఠం చెప్పిన భాష. నా వంతు వచ్చింది, నోరు తెరిస్తే తెలుగు వచ్చింది. ఆపుకోలేకపోయాను. అరగంట మాట్లాడానట. అక్కడ ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒక్కరూ ఆపలేదు. భాష వంక అని నిన్ను అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నిన్న రాత్రి భోజనాల దగ్గర ఫ్రిజ్‌లోంచి ఆ సీసా తెచ్చి, నయన లేనప్పుడే, నా గ్లాసులో పోసుకున్నాను. ఆయన చూశారు. నేను తాగలేదు, ఆయన లేచిపోయారు. పొద్దున వాకింగ్‌కు పోలేదు. రేపు ఏమవుతుందో నాకు తెలియదు.

పంతొమ్మిదిన నయనను తీసుకుని వస్తున్నాను. బంగారుపేట స్టేషనుకు రా. నీ మీద పూర్తిగా నమ్మకం వచ్చి తెస్తున్నాననుకోకు. సగం వచ్చింది. ఆ సగంతోనే బండి ఎక్కుతున్నాం.

చిన్నాయనకు ఈ సంగతి చెప్పకు. ఆయనే ఏదైనా అడిగితే, మేము చెప్పేది లేదన్నా అను.

నీ అక్క


బేతమంగళ,
5-6-2024

అక్కకు,

నువ్వు అక్కడ ఎలా ఉన్నావు? క్షేమమని రాయకు, ఉన్నది రాయి. శనివారాలు మానకు. బావ డాక్టరు దగ్గరికి వస్తానన్నారని రాశావు. వస్తే మంచిది, రాకపోయినా నీ శనివారం నీదే.

నువ్వు ఉన్న పది రోజులూ ఇల్లు ఇల్లులా ఉంది. పాయసంలో ఏలకులు వేయలేదు, నువ్వు గమనించావు, ఏమీ అనలేదు. నువ్వు తోటలో మల్బరీ మొదళ్ళు కాలితో కదిపి చూడటం, గడ్డివాములో చెయ్యి పెట్టి తడమడం నేనూ గమనించాను, ఏమీ అనలేదు.

నయన బడికి పోతోంది. ముత్యం దాని వెనకాలే గేటు దాకా పోతుంది. టీవీ ఇంకా శబ్దం లేకుండానే చూస్తుంది. పెంచమ్మా అంటే పెంచి, కాసేపటికి మళ్ళీ తగ్గిస్తుంది. దాని టైము అది తీసుకోనీ.

నువ్వడిగిన రిజిస్టరు ఇప్పుడు మా ఇంట్లోనే ఉందక్కా. సాయంత్రం నేను పాలు పోసి వచ్చేసరికి నయన వాకిట్లో నిలబడి ఉంటుంది. క్యాను అందుకునే నెపంతో మొహం నా మొహం దగ్గరికి తెచ్చి, ఒకసారి ఊపిరి లోపలికి పీల్చి, ఏమీ తెలియనట్టు లోపలికి పోతుంది. మొదటి రోజు నాకు కోపం వచ్చింది. రెండో రోజు కొట్టంలోకి పోయి ఏడ్చాను. తర్వాత ఆలోచించాను, దాని తప్పేముంది, అది చూసుకోవాల్సిందే కదా. దానికి నా నోరు అందదు, మునివేళ్ళ మీద లేస్తుంది. అందుకని ఇప్పుడు క్యాను ఇచ్చేటప్పుడు నేనే కాస్త వంగుతున్నాను.

నూట అరవయ్యో షిఫ్టు ముగించి,
కేశవ